లాయరుగారి ఈకలు

"అదే మరి, పావుగంట నుంచీ నేను మొత్తుకుంటున్నది," అన్నారు మా ఆయన. కీబోర్డు మీద పడ్డ బూడిదరంగు ఈకను రెండు వేళ్ళతో, చచ్చిన బొద్దింకను ఎత్తినట్టు ఎత్తి నాకు చూపించారు. "దానికి కావలసింది క్యారెట్టు ముక్కలు కాదు. మనిషి."

"ఇంట్లో మనుషులున్నారుగా," అన్నాను.

"దానికి కావలసిన మనిషి."

"అంటే నేను."

"నేననలేదు. పక్షుల డాక్టరు అంది. ఒంటరితనం అంది కదా?"

"ఒంటరితనం అంది. నా పేరు చెప్పలేదు."

సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్న అత్తయ్య టీవీ గొంతు తగ్గించారు. టీవీలో కన్నా ఇక్కడ బాగుంటేనే ఆవిడ ఆ పని చేస్తారు.

"అది నిన్ను తప్ప ఇంకెవర్ని లెక్కచేస్తుంది అమ్మాయ్? మొన్న దగ్గరికెళ్తే నా వేలు కొరికింది. ఇదిగో, ఇంకా మచ్చ ఉంది."

"యాపిల్ ముక్క దానికి చూపించి మీరు తినేశారు అత్తయ్యా."

"నాకేం తెలుసు దానికంత పౌరుషమని! నోరులేని జీవి అనుకున్నా."

నోరులేని జీవి నా భుజం మీద కూర్చుని, "ఎందుకు?" అంది. దాని మాటల్లో మొదటిది అదే. ఎవరేమన్నా ఎందుకు అని అడుగుతుంది కాబట్టే దానికి లాయరు అని పేరొచ్చింది. నాలుగేళ్ళ కిందట మా అమ్మాయి పదమూడో పుట్టినరోజుకి చిలుక కావాలని అన్నం మానేసి కూర్చుంటే తెచ్చాం. బూడిదరంగు ఒళ్ళు, ఎర్ర తోక, లోకంలో ఎవరూ సరిగ్గా పనిచెయ్యరన్నట్టు చూసే లేత పసుపు కళ్ళు. మా అమ్మాయి మూడు వారాలు ముద్దు చేసింది. నాలుగో వారం నుంచీ పంజరం కడగడం నా పనైపోయింది. ఎప్పుడు, ఎలా అయిందో ఎవరూ చెప్పలేరు. మా ఇంట్లో పనులన్నీ అలాగే నా దగ్గరికి వచ్చి చేరాయి.

లాయరు ఇప్పుడు నా చెవి పక్కన ఉంది కాబట్టి దాని గుండె నాకు కనపడుతోంది. గుండె అంటే, గుండె మీది చర్మం. అరచెయ్యంత మేర ఈకల్లేవు. ఎర్రగా, గరుగ్గా, అక్కడక్కడ చుక్కంత నెత్తురు. మూడు నెలల కిందట మెడ కింద ఒక్క ఈక ఊడింది. తర్వాత రోజూ నాలుగు, ఎనిమిది. వాటిని అది తనంతట తానే పీక్కుంటోంది.

"సగం రోజు చేస్తానని మీ ల్యాబు పెద్దాయనకి చెప్పు," అన్నారు మా ఆయన, ఈకను చెత్తబుట్టలో వేసి చేతులు దులుపుకుంటూ. "ఒంటిగంటకల్లా ఇంటికొచ్చేస్తే సరిపోతుంది. ఎవరైనా కాదంటారా? మూగజీవిని అలా చూస్తూ చూస్తూ..."

"ఎందుకు?" అంది లాయరు.

ఆ ఒక్కసారికి దాని మాట నాకెంతో సబబుగా అనిపించింది. కానీ మూడు నెలలుగా నా మనసు కూడా వాళ్ళ పక్షమే మాట్లాడుతోంది.

నేను పళ్ళు చేస్తాను. దంతవైద్యులు రోగుల నోటి అచ్చులు తీసి మా ల్యాబుకి పంపుతారు. వాటిలో ప్లాస్టర్ పోసి, ఆరాక, పోయిన పన్నుకి మైనంతో రూపు కట్టి, పింగాణీ పొడిని సన్న బ్రష్షుతో పొర మీద పొర వేసి, ఫర్నేసులో కాల్చి, క్యాపులు తయారు చేస్తాం. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ఎదుటి మనిషి నవ్వితే నాకు ముందు పంటి రంగు కనపడుతుంది, తర్వాతే మొహం. పన్ను తెల్లగా ఉండదు. అంచు దగ్గర కొంచెం నీలం, మొదట్లో కొంచెం పసుపు, మధ్యలో పేరు పెట్టలేని ఇంకేదో. ఆ ఇంకేదో పట్టుకోవడం మా ల్యాబులో ఇద్దరికే వచ్చు. ఒకరు పింగాణీ విభాగం చూసే అక్క. ఆవిడ వచ్చే నెల మానేస్తోంది. రెండో మనిషిని నేను.

"ఆ విభాగం నీకే ఇస్తాను," అన్నాడు మా పెద్దాయన. ల్యాబు ఆయనదే. "శుక్రవారంలోగా చెప్పు. నీ కింద ఆరుగురుంటారు. అరవకు, కానీ వదలకు."

నేను ఎగిరి గంతెయ్యలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి లాయరు గుండె చూశాను. మర్నాడు భోజనం వేళ ల్యాబు కంప్యూటరు ముందు కూర్చుని, విభాగం బాధ్యత తీసుకోలేననీ, ఇకపై ఒంటిగంట వరకే పనిచెయ్యడానికి అనుమతించమనీ ఉత్తరం టైపు చేసి సంచిలో పెట్టుకున్నాను.

ఉద్యోగం చేస్తూ చిలుకను పెంచకూడదా? నాలుగేళ్ళు పెంచాను కదా. ఎలాగో చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అయిదున్నరకి లేస్తాను. పంజరం మీది గుడ్డ తీసి, దాని తిండి తరుగుతాను. క్యారెట్టు, బఠాణీలు, ఆకుకూర, మధ్యలో గుప్పెడు దానిమ్మ గింజలు. వేరుశెనగలు కాగితాల్లో పొట్లాలు కట్టి, అట్టపెట్టెల్లో దాచి, పెట్టెలకి చిల్లులు పెట్టి పంజరంలో వేలాడదీస్తాను. వెతుక్కుని, చింపుకుని తినాలి. పని లేని చిలుకకి పిచ్చెక్కుతుంది. కొరకడానికి మెత్తటి కర్రముక్క. వారానికి మూడుసార్లు స్ప్రే సీసాతో స్నానం. వంట చేసేంతసేపూ అది వంటింటి తలుపు మీద కూర్చుని నాతో వాదిస్తుంది. ఎనిమిదికి నేను వెళ్ళిపోతాను. పావుతక్కువ ఆరుకి వస్తాను. తలుపు తియ్యగానే తాళాలు గలగలలాడించి, "వచ్చేశాను లాయరుగారూ! ఏం చేస్తున్నారు? ఇదిగో వస్తున్నా!" అంటాను. అది రెక్కలు విప్పి, పంజరం తలుపు దగ్గరకి పరిగెత్తుకొచ్చి, కుడికాలు ఎత్తి నిలబడుతుంది. ఎక్కించుకో అని అర్థం. నా చెయ్యి అందేదాకా ఆ కాలు దించదు.

పగలంతా పంజరం హాల్లోనే ఉండేది. అత్తయ్య టీవీ, కుక్కరు ఈలలు, మా అమ్మాయి ఫోను, కిటికీ అవతల రోడ్డు. ఎవరూ దాన్ని ఎత్తుకోకపోయినా ఇల్లు దాని చుట్టూ తిరిగేది. అది చాలు దానికి.

నాలుగు నెలల కిందట మా ఆయన ఆఫీసు, ఇక ఇంటి నుంచే ప్లాన్లు గీసుకోండి అంది. ఆయన బల్ల, కంప్యూటరు హాల్లోకి వచ్చాయి. పంజరం వెనక గదిలోకి పోయింది. కస్టమర్లతో మెట్ల కొలతలు మాట్లాడుతుంటే వెనక నుంచి "ఎందుకు?" అని వినిపిస్తోందట. ఒకాయన నవ్వాడట.

"గదిలో కిటికీ ఉందిగా," అన్నారు. "గాలి, వెలుతురు."

ఆ కిటికీ ఎదురింటి గోడకి జానెడు దూరంలో ఉంది. నేను వాదించాను, ఓడిపోయాను. ఆయనకి పని ఉంది, నాకూ పని ఉంది, కాకపోతే ఆయన పని ఇంట్లో కనపడుతుంది. ఆ తర్వాత ఒక మార్పు వచ్చింది. సాయంత్రం నేను వచ్చి "వచ్చేశాను లాయరుగారూ" అంటే అది ముందుకి రావడం మానేసింది. పంజరం వెనక మూలకి జరిగి, తల పక్కకి తిప్పుకునేది. అలిగింది అనుకున్నాను. పొద్దంతా వదిలేసి పోతున్నానని నామీద కోపం అనుకున్నాను. రోజూ ఆ మూలని చూసి, బట్టలు కూడా మార్చుకోకుండా పంజరం ముందు నేలమీద కూర్చుని, క్షమించమని బతిమాలితే, చాలాసేపటికి గానీ నా చెయ్యి ఎక్కేది కాదు. నా ఉత్తరం అలా పుట్టింది.

బుధవారం పొద్దున పదిన్నరకి ల్యాబులో ఫర్నేసు చచ్చిపోయింది. లోపల పద్నాలుగు క్యాపులు. పెద్దాయన దాని నెత్తిన రెండు చరిచి, మెకానిక్కుని తీసుకురావడానికి స్వయంగా బయల్దేరాడు.

"ఇవాళ్టికి ఇళ్ళకి పొండి," అన్నాడు. "జనం ఒక్కరోజు నోరు మూసుకుంటే ఏం కాదు."

ఉత్తరం ఇద్దామని సంచిలో చెయ్యి పెట్టేసరికే ఆయన వీధిలో ఉన్నాడు. సరే, రేపిద్దాం అనుకున్నాను. పదకొండూ నలభై కావస్తుండగా ఇంటికొచ్చి, తాళంచెవితో చప్పుడు కాకుండా తలుపు తీశాను. మీటింగులో ఉంటారేమోనని ఆ జాగ్రత్త. పనివేళల్లో ఎప్పుడైనా వస్తే మా ఇంట్లోకి నేను దొంగలా రావడం అప్పటికి నాలుగు నెలలుగా అలవాటే.

ఆయన వీపు ఇటు తిప్పి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరికో స్నానాల గది తలుపు ఎటు తెరుచుకోవాలో చెప్తున్నారు. అత్తయ్య టీవీ ముందు తల వాల్చి కునుకు తీస్తున్నారు. నేను చెప్పులు విడుస్తున్నాను.

వెనక గదిలోంచి తాళాల గలగల వినిపించింది.

తర్వాత నా గొంతు.

"వచ్చేశాను లాయరుగారూ! ఏం చేస్తున్నారు? ఇదిగో వస్తున్నా!"

ఒక చెప్పు కాలికి ఉండగానే నిలబడిపోయాను. నా చేతిలో తాళాలు కదల్లేదు. నేను నోరు తెరవలేదు. అయినా అది నేనే. పొద్దంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషికి ఉండే ఆ కొంచెం బొంగురుతో సహా నేనే.

వెనక గది తలుపు కింద నుంచి తెల్లటి ఛార్జరు తీగ ఒకటి లోపలికి పోతోంది. తలుపు ఓరగా ఉంది. సందులోంచి చూశాను.

షెల్ఫు మీద మా ఆయన పాత ఫోను గోడకి ఆనించి ఉంది. లాయరు పంజరం వెనక మూలలో ఉంది. మెల్లగా కదిలింది. కర్ర మీద నుంచి పక్కపక్కగా నడుచుకుంటూ పంజరం తలుపు దగ్గరకి వచ్చింది. పరిగెత్తలేదు. రెక్కలు విప్పలేదు. నమ్మకం సగం చచ్చిన నడక అది. వచ్చి, కుడికాలు ఎత్తింది.

అలాగే ఉంది. ఒంటికాలి మీద. నా గుండె కొట్టుకోవడం లెక్కపెడుతున్నానేమో, నలభై దాకా గుర్తుంది. ఎవరూ రాలేదు. లాయరు కాలు దించింది. మెడ వంచి, గుండె మీద ఇంకా మిగిలిన ఈకల్లో ఒకదాన్ని ముక్కుతో పట్టుకుని, చప్పుడు వినపడేలా పీకింది. ఒక చిన్న మూలుగు మూలిగింది. మళ్ళీ వంగింది.

నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. "లాయరుగారూ," అన్నాను, చెయ్యి చాపుతూ.

అది నన్ను చూసింది. చూసి, వెనక్కి, మూలకి, గోడకి అంటుకుపోయేంత వెనక్కి జరిగింది.

అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ అది నామీద అలగలేదు. నా గొంతు దానికి అబద్ధమైపోయింది.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు అంతకుముందు తెలియదు. ఫోను చేతిలోకి తీసుకున్నాను. మా ఆయనకి టైమర్ల పిచ్చి. నీళ్ళ మోటారుకి టైమర్, గీజరుకి టైమర్, వరండా దీపానికి టైమర్. మనిషి లేచి చెయ్యాల్సిన పని ఏది కనపడినా దానికొక టైమర్ పెట్టి, ఆ పని ఇక లేదన్నట్టు చేతులు దులుపుకుంటారు. ఫోనులో అన్నీ వరసగా ఉన్నాయి. తొమ్మిది. తొమ్మిదీ నలభై. పదీ ఇరవై. పదకొండు. పదకొండూ నలభై, ఇందాక నేను విన్నది. అలా సాయంత్రం అయిదు దాకా. రోజుకి పదమూడు సార్లు. పక్కన పేరు కూడా పెట్టారు, "లాయరు సైలెంట్" అని.

హాల్లోకి వచ్చి ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్లు ఊడబెరికి బల్ల మీద పెట్టాను.

"ఏయ్! లైన్లో మనిషి..."

"ఇంట్లో మనిషి," అన్నాను. "ఇదేంటి?"

ఫోను చూశారు. మొహంలో రంగు మారింది. నేను రంగులు చూడగలిగిన మనిషిని, అది భయం కాదు, దొరికిపోయినందుకు చిరాకు. మైకు ఆపి, "ఇప్పుడెందుకొచ్చావు?" అన్నారు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి?"

"చూడు, ముందు అరవకు. అది రోజంతా కేకలు పెడుతుంటే ఏం చెయ్యను? సాయంత్రం నువ్వొచ్చి ఆ మాటనగానే టక్కున ఊరుకుంటుంది. గమనించాను. అందుకని ఒకరోజు రికార్డు చేశాను. నీ గొంతు వినిపిస్తే దానికీ ధైర్యంగా ఉంటుంది కదా అని. దాని మంచికే."

"దాని మంచికి."

"పనిచేసింది కూడా. వారంలో కేకలు ఆగిపోయాయి."

"ఆగిపోయి?"

ఆయన మైకు ఆగిందో లేదో మళ్ళీ చూసుకున్నారు.

అత్తయ్యకి మెలకువ వచ్చింది. "ఏమైందిరా? ఎవరికేమైంది?"

"మీకు తెలుసా అత్తయ్యా?"

"ఏది, నీ గొంతు వెయ్యడమా? తెలియకేం. మొదట్లో నువ్వే వచ్చావనుకుని రెండుసార్లు టీవీ కట్టేశాను కూడా." ఆవిడ నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశారు. "మేమేం దాన్ని కొట్టామా, తిట్టామా అమ్మాయ్? నీ మాటే నీ చిలుకకి వినిపించారు. అందులో తప్పేముంది?"

ఈ ఏడంతా ఇంట్లోనే ఉండి పరీక్షలకి చదువుకుంటున్న మా అమ్మాయి పుస్తకం చేత్తో పట్టుకుని తన గది గుమ్మంలోకి వచ్చింది. దాని కళ్ళు తిన్నగా నా చేతిలో ఫోను మీదకే పోయాయి.

"నీకూ తెలుసు," అన్నాను.

"నేను నాన్నకి చెప్పానమ్మా. ఆపెయ్యమన్నాను. నువ్వు రాలేదని తెలిశాక అది పీక్కుంటోంది, నేను చూశాను, నిజంగా చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"మొదట్లోనే. మెడ దగ్గర ఊడినప్పుడు."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"నువ్వు గొడవ చేస్తావని... ఆ వారం నాన్నకి పెద్ద పని ఉందన్నారు. తర్వాత... తర్వాత అలవాటైపోయింది."

పదిహేడేళ్ళ పిల్ల. దాని కోసమే తెచ్చిన చిలుక. తల్లి గొంతుతో ఒక ప్రాణిని రోజుకి పదమూడు సార్లు మోసం చేస్తుంటే పక్క గదిలో కూర్చుని చదువుకోవడం అలవాటైపోయిందట. చెంప పగలగొట్టాలనిపించింది. దానిది కాదు, ఎవరిదో తెలియదు. మొదట్లోనే అన్న మాట మాత్రం మనసులో ముల్లులా దిగింది.

"అంటే మీకు మూడు నెలల కిందటే తెలుసు," అన్నాను ఆయనతో.

"తెలుసని కాదు. అనుమానం. చిన్నపిల్ల ఏదో అంది. ఖాయంగా ఎవరికి తెలుసు?"

"ఆపి చూడొచ్చు."

"ఆపాను. ఒకరోజు. ఆ రోజు మూడు మీటింగులు గంగలో కలిశాయి."

"ఏ రోజు?"

"ఇప్పుడు రోజులు గుర్తుంటాయా?"

నాకు గుర్తుంది. ఒకే ఒక్క సాయంత్రం లాయరు ముందుకొచ్చి కాలెత్తింది. నేను పొంగిపోయి ఆయనకి చెప్పాను కూడా, ఇవాళ కోపం తగ్గింది చూశారా అని. ఆయన కంప్యూటరు మీంచి తలెత్తకుండా ఊఁ అన్నారు. ఆ మర్నాడు పొద్దున్నే కాఫీ తాగుతూ, మొట్టమొదటిసారి, నువ్వు సగం రోజు చేస్తే మంచిదేమో ఆలోచించు అన్నారు.

"మీకు అర్థమైందా మీరేం చేశారో?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పెద్దగా లేదు. "దాన్ని మీరు బోడి చేశారు. చేసి, ఆ బోడి గుండె నాకు చూపించి, నీ ఉద్యోగం వల్లే అన్నారు. మూడు నెలలు. రోజూ. ఈక చేత్తో పట్టుకుని."

"నువ్వు మరీ లాగుతున్నావు. ఒక చిలుక కోసం..."

"ముగ్గురున్నారు ఈ ఇంట్లో. పొద్దస్తమానం ముగ్గురు. గంటకొకసారి ఆ గదిలోకి వెళ్ళి ఏమోయ్ లాయరూ అంటే సరిపోయేది. అది కూడా చెయ్యలేక నన్నే వాడుకున్నారు. నేను లేనప్పుడు కూడా నాచేతే చేయించారు."

హెడ్‌ఫోన్లలోంచి ఎవరో సన్నగా, "హలో, సార్, ఉన్నారా?" అంటున్నారు. ఆయన చెయ్యి అటు పోబోయి ఆగింది. ఆగినందుకు మెచ్చుకోవాలనుకున్నారేమో. నేను బయటికి మోసుకెళ్ళే చిన్న పంజరం తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాను.

లాయరు నా చెయ్యి ఎక్కలేదు. తువ్వాలు కప్పి పట్టుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ళలో మొదటిసారి నన్ను కరిచింది. బొటనవేలి మొదట్లో, లోతుగా. ఆ నెత్తురుతోనే బస్సెక్కాను.

పక్షుల డాక్టరు నాకన్నా పదేళ్ళు చిన్నది, మాట పుల్లవిరిచినట్టు ఉంటుంది. నా వేలికి కట్టు కడుతూ అంతా విన్నది. ఫోను నేను వెంట తెచ్చాను. రికార్డు ఒక్కసారి, బయట గదిలో, చిలుకకి వినపడకుండా పెట్టుకుని విన్నది.

"ఇంట్లో వేళప్రకారం జరిగేది ఏమన్నా ఉందా అని రెండుసార్లు అడిగాను మిమ్మల్ని," అంది.

"నాకు తెలియదు."

"మీరంటే దానికి ప్రాణం కాబట్టే ఇది ఇంత పనిచేసింది. ఇంకెవరి గొంతో అయితే వారానికే పట్టించుకోవడం మానేసేది."

నేను ఏడవలేదు. ఏడుపు వచ్చేటంత మెత్తగా లేను. "తగ్గుతుందా?" అని అడిగాను.

"చర్మం తగ్గుతుంది. ఈకలు కొన్ని వస్తాయి, కొన్ని రావు. మిగతాది ఏడాది పట్టొచ్చు. పగలంతా పక్కన అలికిడి ఉండాలి. మీరు దాని ముందు మాట్లాడకూడదు కొన్నాళ్ళు. ఊరికే కూర్చోవాలి. దానికై అది రావాలి. మీ ఇంట్లో వాళ్ళు..." అంటూ నా మొహం చూసి ఆ వాక్యం వదిలేసింది. "ఒకావిడ ఉన్నారు. పోస్టాఫీసులో చేసి మానేశారు. వరండా అంతా వలకట్టించి, ఇలాంటివే మూడు చిలుకల్ని పెంచుతున్నారు. రెండు ఇలాగే వచ్చాయి ఆవిడ దగ్గరికి, ఈకల్లేకుండా. అడగమంటారా?"

ఆలోచించుకుని చెప్తాను అనాలి. నేను ఇంకో ప్రశ్న అడిగాను. "నేను ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటే బాగవుతుందా?"

"ఆ ఇంట్లోనా?" అంది డాక్టరు.

ఆ మధ్యాహ్నమే పోస్టాఫీసావిడ ఇంటికి నేనే తీసుకెళ్ళాను. వరండా ఎండగా ఉంది. ఆవిడ మూడు చిలుకలూ ఒక తాడు చివర ముడిని విప్పే పనిలో మునిగి, కొత్తగా వచ్చినదాన్ని పట్టించుకోలేదు. ఆ పట్టించుకోకపోవడం లాయరుకి నచ్చినట్టుంది. చిన్న పంజరం తలుపు తెరిచి ఉంచి మేం ఇద్దరం దూరంగా కూర్చున్నాం. చాలాసేపటికి అది బయటికి వచ్చి, కర్ర ఎక్కి, ముడి వైపు చూసింది. గుండె వైపు ముక్కు వంచలేదు. గంటన్నరలో ఒక్కసారి కూడా.

దాని తిండి, దాని స్నానం, దానికి గిట్టనివి అన్నీ ఆవిడకి రాసివ్వాల్సి వచ్చింది. సంచిలో కాగితం కోసం వెతికితే ల్యాబు ఉత్తరం తప్ప ఇంకేం లేదు. వెనకవైపు రాశాను. రెండు వైపులా ఖాళీగా ఉంటే బాగుండేదనిపించింది, దాని సంగతులు అన్ని ఉన్నాయి. ఆవిడ మడిచి జాకెట్లో పెట్టుకుంది.

మర్నాడు ల్యాబులో, ఫర్నేసు బాగైందని పెద్దాయన అందరికీ టీ పోయిస్తుంటే, "విభాగం నేను చూసుకుంటాను," అన్నాను. "అయితే అరుస్తావా?" అన్నాడు. "అవసరమైతే అరుస్తాను," అన్నాను. వచ్చే నెల నుంచి అరగంట ముందు రావాలి, గంట ఆలస్యంగా వెళ్ళాలి.

ఇంట్లో రెండు రోజులు ఎవరూ నన్ను కదిలించలేదు. వెనక గదిలో పంజరం ఖాళీగా చూసి, డాక్టరు ఆస్పత్రిలో ఉంచుకుందని వాళ్ళే అనుకుని, వాళ్ళలో వాళ్ళే చెప్పుకున్నారు. మా ఆయన పళ్ళెం తనే తీశారు. మా అమ్మాయి గిన్నెలు తోమింది. అత్తయ్య టీవీ గొంతు అడక్కుండానే తగ్గించారు. తుఫాను దాటిపోయేదాకా తలదాచుకునే వాళ్ళ మర్యాద అది. మూడో రోజుకి మామూలైపోతుందని వాళ్ళ లెక్క. నన్ను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నారు, ఆ లెక్క తప్పలేదు ఎప్పుడూ.

శుక్రవారం సాయంత్రం నలుగురం భోజనానికి కూర్చున్నాం. మా ఆయన పప్పు వడ్డించుకుని, గొంతు సవరించుకున్నారు.

"నేనొకటి ఆలోచించాను. పంజరం మళ్ళీ హాల్లోకి తెచ్చేద్దాం. నేను మీటింగులున్నప్పుడు గుడ్డ కప్పుకుంటాను. అంతే కదా. డాక్టరు ఎప్పుడు పంపుతానంది?"

"చూశావా, వాడే దిగొచ్చాడు," అన్నారు అత్తయ్య నా వైపు తిరిగి. "ఇక ఆ మొహం మార్చు తల్లీ."

"లాయరు తిరిగి రాదు," అన్నాను. "పక్షుల్ని పెంచే ఒకావిడకి ఇచ్చేశాను. అక్కడే ఉంటుంది."

మా అమ్మాయి తల ఎత్తింది. "ఇచ్చేశావా? అమ్మా, అది నాది..." అని, మిగతాది మింగేసింది.

"మమ్మల్ని ఒక్కమాట అడగాలి కదా?" అన్నారు మా ఆయన.

నేను ఆయన్ని చూశాను. ఆయన పప్పు వైపు చూసుకున్నారు.

"పింగాణీ విభాగం నాకిచ్చారు. తీసుకున్నాను. వచ్చే నెల నుంచి ఏడున్నరకి వెళ్తాను, వచ్చేసరికి ఏడవుతుంది. ఆదివారాలు పొద్దున్నే లాయరు దగ్గరికి వెళ్తాను. సాయంత్రం దాకా అక్కడే ఉంటాను."

"ప్రతి ఆదివారమా?" అన్నారు అత్తయ్య. "ఎన్నాళ్ళు?"

"డాక్టరు ఏడాది అంది."

"మరి ఆదివారం వంట..."

"ముగ్గురున్నారు కదా అత్తయ్యా," అన్నాను, కూర గిన్నె ఆవిడ వైపు జరుపుతూ.